యాభై మీటర్లు

మచిలీబజార్ల చేపల వాసన దాటినంక
మూడో షట్టరు నాది. యాకూబ్ వాచ్ వర్క్స్.

ఓదెలు వచ్చి
జేబుల నించి బియ్యం పొట్లం తీసిండు.
మూడు రోజుల సంది
వాచీని అండ్ల పూడ్చి పెట్టిండట.
"బియ్యం నీళ్లు గుంజుతయంటరు గద?"
ఏం గుంజలేదు.
అద్దం లోపలంత ఆవిరి,
చలికాలం పొద్దుగాల బస్సు కిటికీ లెక్క.

పంద్రాగస్టుకు ఠాణాల సన్మానం చేసిండ్రు.
శాలువా కప్పి, ఇది కట్టిండ్రు.
ధర్మసాగర్ల ఎవరన్న మునిగితే
ముందుగాల మోగేది ఆయన ఫోనే.
గజ ఈతగాళ్లు అని రాస్తరు పేపరోళ్లు, పేరు రాయరు.
శాలువాతోటి ఈదరాదు గద,
వాచీతోటి దిగుడు మొదలువెట్టిండు.

వెనక మూత మీద చెక్కి ఉన్నది: యాభై మీటర్లు.
"నేను ఇరవై అడుగులు గూడ పోలే"
అన్నడు, దుకాణపోడు తూకంల మోసం చేసినట్టు.

అది లోతు గాదు ఓదెలూ, అన్న.
ఫ్యాక్టరీల, కదలని నీళ్లల్ల,
వాచీ కొత్తగున్న నాడు
కొంచెం సేపు ఒత్తి చూసిన లెక్క.
నువ్వు బార వేస్తవు, చెయ్యి నీళ్లను కొడుతది,
నీళ్లు మళ్లి కొడుతయి.
ఆ దెబ్బ ఎవ్వరూ చెక్కరు.
ఎండల కాలిన వాచీ సల్లటి నీళ్లల్ల దిగితే
లోపలి గాలి ముడుసుకొని
బయటి తడిని పిలుస్తది.
సబ్బు రబ్బరును తింటది.
వారంటీ కాయితం చదివితే
అండ్ల నీళ్లు తప్ప అన్నీ ఉంటయి.

మూత వేడిచేసి లేపిన.
రబ్బరు చుట్టు తెగలే, ఒక్క కాడ నలిగింది.
నలిగిన కాడ ఒక ఇసుక పలుకు.
నీళ్లకు అంత తొవ్వ సాలు.

స్పిరిట్ తోటి తుడిసి బల్బు కింద ఆరబెడుతుంటే
ఫోను నా ముందటికి నూకిండు.
"ఇది గూడ రిపేరుకొస్తదా, చూడు."

శుక్రవారం. పదకొండు గంటల పద్దెనిమిది.
ఈత, నలభై రెండు నిమిషాలు.
గుండె గీత నూట నలభై ఎనిమిది దాకా ఎక్కి
దబ్బున కిందికి జారి
యాభై ఆరు కాడ నిలవడ్డది.
ఊపిరి బిగవట్టి అడుక్కు పోతే
గుండె నిమ్మళమైతదట. నాకు తెల్వది, ఆయనే చెప్పిండు.
వాచీ దాన్ని విశ్రాంతి అని రాసుకున్నది.

ఆ విశ్రాంతిల,
మునిగిన తుమ్మకంప నడుమ,
తన చెయ్యి తనకే కనబడని పచ్చటి నీళ్లల్ల,
వేళ్లకు ఒక స్కూలు బెల్టు తగిలింది.

గీత కింద రంగుల బిళ్ల, చుట్టూ చుక్కలు:
శభాష్! ఈ రోజు లక్ష్యం పూర్తయింది.

"గట్టు మీద పండవెట్టిన, యాకూబూ.
పిలగాని రొమ్ము మీద ఉన్నది నా చెయ్యి.
గప్పుడు వణికింది ఇది, రెండు సార్లు.
అంగి కదిలింది.
తల్లి గబుక్కున లేచి నిలవడ్డది."

పట్కారు కింద పెట్టిన.
బయట ఎవరో బొచ్చె చేపకు బేరం చేస్తున్నరు,
ఇరవై రూపాయల కాడ తెగుతలేదు.

సెట్టింగులల్లకు పోయి శభాషును బంద్ చేసిన.
లెక్కను బంద్ చేసుడు నాకు రాలే.
మూసినా అది లోపల రాసుకుంటనే ఉంటది.

"మళ్ల ఎందుకు కట్టుకుంటవు మరి?"
"టైం తెల్వాలె గద.
పైకి రాంగనే అదే అడుగుతరు ఇంటోళ్లు,
ఎంత సేపైంది, ఎంత సేపైంది అని."

కొత్త రబ్బరు వేసి, సన్నగ గ్రీజు పూసి,
ఇంటికి తీస్కపోయి స్టీలు గిలాసల ముంచిన.
బుడగ లేస్తదేమోనని
రాత్రి రెండు సార్లు లేచి లైటేసిన.
మా ఆమె తిట్టింది.

తెల్లారి చెప్పిన, గ్యారంటీ ఇయ్య, నీళ్ల సంగతి నీకే ఎరుక.
కట్టుకున్నడు. పైసలు తియ్యలే.
సంచి తెచ్చి బల్ల మీద పెట్టిండు,
రెండు కొర్రమీనులు, ఇంకా కొట్టుకుంటున్నయి.
ఆయన పోయినంక చూస్తే
రసీదు బుక్కు తడిసి ఉన్నది,
అడుగు కాయితం దాకా.